గేటు బయట మంచం

విశ్వేశ్వరరావుకి కోపం రాదు. ఇది ఇంకొకరు కనిపెట్టిన సంగతి కాదు, ఆయనే చెప్పుకుంటాడు. ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి, ఆటో ఎక్కి లోపలి కాలనీల్లోకి వెళితే వచ్చే ఓ అయిదంతస్తుల అపార్ట్‌మెంటుకి ఆయన అధ్యక్షుడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. తెనాలి పక్క పల్లెలో బస్సెక్కినప్పుడే దేవుణ్ణి అక్కడ వదిలేసి వచ్చాడు. భార్య ఇందిరాదేవి మాత్రం ఆ దేవుణ్ణి సామాన్లతో పాటు తెచ్చుకుంది. ఆవిడ పూజగదిలో గంట కొడుతుంటే ఈయన హాల్లో పేపరు మడిచి, "ఆవిడ నమ్మకం ఆవిడది, నేను అడ్డుచెప్పను," అంటాడు వచ్చినవాళ్లతో. అప్పుడాయన మొహం చూడాలి. భార్యకి గంట కొట్టుకునే హక్కు తనే జీవో జారీ చేసి మంజూరు చేసినట్టుంటుంది.

అలాంటివాడికి రామస్వామితో స్నేహం ఎలా కుదిరిందో అపార్ట్‌మెంటులో ఎవరికీ అంతుపట్టేది కాదు. రామస్వామిది నల్గొండ జిల్లా. లారీలు నడిపి, తర్వాత లారీలు కొని, చివరికి అవన్నీ అమ్మేసి మూడో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాడు. నోరు పెద్దది. రాహుకాలం చూడందే గడప దాటడు. పిల్లి ఎదురొస్తే స్కూటర్ ఆపుతాడు. విశ్వేశ్వరరావు ఏదేది నమ్మడో అదంతా రామస్వామి నమ్ముతాడు. సాయంత్రం కాగానే గేటు పక్క సిమెంటు బెంచీ మీద ఇద్దరూ చేరేవారు.

"ఏందయ్యా రావూ, దేవుడు లేకుంటే గీ గుండె ఎవడు కొట్టిస్తుండు? మీ కాలేజోళ్లా?" అని రామస్వామి అరిస్తే గేటు బయట బండి మీద కూరగాయలమ్మే ఆమె కూడా తల తిప్పి చూసేది. విశ్వేశ్వరరావుకి అప్పుడు మాత్రం కోపం వచ్చేది. బెంచీ మీద చరిచి, "మూర్ఖుడివయ్యా నువ్వు, పరమ మూర్ఖుడివి," అనేవాడు. రోజు మొత్తంలో ఆయన నిజం మాట్లాడేది ఆ ఒక్క గంటే. ఆ గంట కోసమే మిగతా రోజంతా గడిపేవాడు.

గొడవ బాగా ముదిరిందనుకున్నప్పుడు రామస్వామి భార్య అండాలమ్మ ఫ్లాస్కు పట్టుకుని దిగొచ్చేది. "లొల్లి బందు పెట్టి చాయ్ తాగుండ్రి. దేవుడుంటే ఉంటడు, లేకుంటే లేడు, చాయ్ అయితే సల్లారుతది," అనేది. తర్వాత విశ్వేశ్వరరావు వైపు తిరిగి, "అన్నా, నువ్వు జర గట్టిగ తిట్టాలె. ఈయనకు చెవులు సరిగ ఇనబడతలేవు," అని నవ్వేది. ఇందిరాదేవికి ఆపరేషనైనప్పుడు దవాఖాన వరండాలో దుప్పటి కప్పుకుని పడుకున్నది రామస్వామి. తెల్లారి లేచి, ఆపరేషన్ బాగా జరగడం దేవుడి దయేనని అక్కడే గొడవ వేసుకున్నదీ రామస్వామే.

ఆ వానాకాలంలో అండాలమ్మ మంచం పట్టింది. కాలేయం పాడైపోయిందన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చేర్చిన దవాఖానవాళ్లు చేయాల్సింది చేసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మని చెప్పేశారు. ఆమె కోరింది కూడా అదే. "నన్ను నా అర్రల పండవెట్టుండ్రి," అన్నది. ఆ అర్ర కిటికీలోంచి గేటూ బెంచీ కనిపిస్తాయి. ఆ ఫ్లాటు కొనేటప్పుడు పుస్తెలతాడు తప్ప ఒంటిమీది బంగారమంతా తీసిచ్చింది ఆమె. సొంత అర్రలో కన్ను మూస్తానని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

కానీ రెండో అంతస్తు జోగారావు పంచాంగం తెరిచాడు. ఆ రెండ్రోజుల్లో ధనిష్ఠా పంచకం మొదలవుతుంది. ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఆ అయిదు నక్షత్రాలు నడిచేటప్పుడు ఇంట్లో ప్రాణం పోతే, ఆ ఇంటికి తాళం పెట్టి నెలల తరబడి పాడుపెట్టాలని శాస్త్రం. ఇంతవరకూ ఎవరి ఇల్లు వాళ్లది. అయితే జోగారావు తన ఫ్లాటు అమ్మకానికి పెట్టి ఉన్నాడు. కొనేవాళ్లు ముందుగా అడిగేది ఇలాంటివే. అందుకని తన పంతులుగారికి ఫోన్ చేసి, మరి అపార్ట్‌మెంటు సంగతేమిటని అడిగాడు. సింహద్వారం ఏదైతే అదే ఇల్లు అన్నాడాయన. ఇక్కడ గేటు ఒకటే, కాబట్టి ఇల్లూ ఒకటే. పోతే అందరూ ఖాళీ చెయ్యాల్సిందే. ఫోన్లో కూర్చుని ఒక ఇంటిని అంత పెద్దది చేసిన ఆ పంతులుగారిని ఎదురు ప్రశ్న అడిగినవాడు లేడు. నాలుగో అంతస్తు బాపిరాజుకి అయితే కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆయన కూతురు విజయదుర్గ పెళ్లి దగ్గర్లో ఉంది. పెళ్లికూతుర్ని చేసేది మేడ మీదే.

ఆదివారం పొద్దున్న సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. విశ్వేశ్వరరావు పెట్టిన నియమం ఒకటుంది. మీటింగులో ఎవరూ గొంతు పెంచకూడదు, ఒకరి నమ్మకాన్ని ఇంకొకరు కించపరచకూడదు. జోగారావు ఆ నియమాన్ని అక్షరాలా పాటించాడు.

"అండాలమ్మగారంటే మాకందరికీ ఎంతో గౌరవవండీ," అన్నాడు మెత్తగా. "ఆవిడ పోవాలని మేవెవరం కోరుకోవట్లేదు. ఆ పోయేదేదో గేటు బయట పోతే బావుంటుందని, అంతే."

బాపిరాజు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆడపిల్ల పెళ్లండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

రామస్వామి కుర్చీ తోసేసి లేచాడు. "నా ఇంట్ల నా పెండ్లాం సస్తే మీకేంది నొప్పి? నక్షత్రం సంగతి నాకు చెప్తరా? మీ అందరికన్న ఎక్కువ నమ్మెటోన్ని నేను. నా ఇల్లు నేను పాడువెడ్త. తాళమేసి తుర్కయంజాల్ల కిరాయికుంట. ఎన్ని నెలలంటే అన్ని నెలలు! ఆమె నా అర్రల పోతనన్నది. ఆడనే పోతది."

"రామస్వామీ, గొంతు తగ్గించు," అన్నాడు విశ్వేశ్వరరావు. "ఇక్కడ అందరికీ మాట్లాడే హక్కుంది."

రామస్వామి ఆయన వైపు తిరిగాడు. ఆ మొహంలో కోపం కాసేపు ఆగిపోయి, దాని చోట ఆశ వచ్చింది. "మాట్లాడే హక్కు ఉన్నది గద, నువ్వు మాట్లాడు రావూ. నీకు దేవుడే లేడు, ఇగ నక్షత్రమెక్కడిది? దినాం బెంచీ మీద కూసొని నన్ను ఎన్ని మాటలంటవ్! మూర్ఖుడంటవ్, గొర్రెనంటవ్. గవే మాటలు గిప్పుడు గీళ్లను అను. ఒక్కసారి అను, చాలు."

విశ్వేశ్వరరావుకి చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. ఇదంతా పిచ్చితనం, ఆ తల్లి జోలికి పోవద్దు, ఎవరింటికి వాళ్లు పొండి. అంతే, అంతకన్నా ఏమీ అక్కర్లేదు. అధ్యక్షుడు అంత గట్టిగా అంటే బాపిరాజు తల దించుకుని లేచిపోయేవాడు. జోగారావు గొణుక్కునేవాడు. కానీ మర్నాటి నుంచి వీళ్లు ఎదురైతే నమస్కారం పెట్టరు. నాస్తికుడు మా నమ్మకాల్ని తొక్కేశాడంటారు. పెద్దమనిషి, కోపం రానివాడు, అందరి మాటా వినేవాడు అని ఇన్నేళ్లుగా కట్టుకున్న పేరు ఒక్క పూటలో పోతుంది. ఆయన చుట్టూ చూశాడు. అన్ని కళ్లూ గౌరవంగా ఆయన మీదే ఉన్నాయి. ఆ గౌరవం ఎంత హాయిగా ఉందంటే, రామస్వామి మొహం వైపు మళ్లీ చూడాలనిపించలేదు.

గొంతు సవరించుకున్నాడు. "వ్యక్తిగతంగా నేనివేవీ నమ్మను. ఆ సంగతి మీ అందరికీ తెలుసు. కానీ నేను నమ్మను కదా అని నా అభిప్రాయాన్ని మీ మీద రుద్దితే అది సహనం అనిపించుకోదు. ఎదుటివాడి నమ్మకం మనకి నచ్చనప్పుడే కదా మన సహనానికి పరీక్ష."

చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ ఆ క్షణాన విరిగి ఆయన్ని నేల మీద పడేసి ఉంటే బాగుండేది. విరగలేదు.

తర్వాత అంతా సామరస్యంగా సాగింది. మళ్లీ దవాఖానలో చేర్చమని ఒకరన్నారు. అక్కడివాళ్లు కుదరదన్నారు. తుర్కయంజాల్‌లో అండాలమ్మ సొంత తమ్ముడు మహేందర్‌కి రామస్వామితో ఫోన్ చేయిస్తే, "మా ఇంటికి గూడ దర్వాజ ఉన్నది గద బావా," అని పెట్టేశాడు. అప్పుడు విశ్వేశ్వరరావు మధ్యేమార్గం చూపించాడు. గేటు బయట ట్రాన్స్‌ఫార్మర్ పక్కన షామియానా వేద్దాం, ఖర్చు అసోసియేషన్‌ది, ఆవిడకి ఉక్కపోయకుండా టేబుల్ ఫ్యాను మా ఇంట్లోంచి ఇస్తాను అన్నాడు. ఫ్యాను మాట విని బాపిరాజు కళ్లు చెమర్చాయి.

రామస్వామి ససేమిరా అన్నాడు. కొడుకు కృష్ణ ఆయన్ని పక్కకి తీసుకుపోయాడు. "అందరొక్క దిక్కు, మనమొక్క దిక్కు అయినం నాయినా. రేపటి సంది జ్యోతిక, పిల్లలు గీళ్ల నడుమనే తిరగాలె. రావు సార్ గూడ గట్లనే అన్నంక, ఇగ మనకెవలున్నరు?" అన్నాడు. ఆ చివరి మాటకి రామస్వామి, "కానియ్యిరా," అన్నాడు.

మంచం మోయడానికి వాచ్‌మన్ అంతయ్య, కృష్ణ, మరో ఇద్దరు వచ్చారు. అధ్యక్షుడిగా తన బాధ్యత అనుకుని విశ్వేశ్వరరావు దగ్గరుండి జరిపించాడు. అర్రలోంచి మంచం బయటికి వస్తుండగా అండాలమ్మ చెయ్యి చాచి దర్వాజ చెక్కని పట్టుకుంది. ఎముకలు తేలిన ఆ చేతిలో అంత పట్టు ఎక్కడిదో, మంచం ఆగిపోయింది. కృష్ణ తల తిప్పేసుకున్నాడు. అంతయ్య నేల చూపులు చూశాడు. ఎవరో ఒకరు ఆ చెయ్యి విడిపించాలి కదా. విశ్వేశ్వరరావు ముందుకొచ్చి, ఒక్కో వేలూ మెల్లిగా, నొప్పి తగలకుండా ఊడదీశాడు. "కొంచెం ఓర్చుకోవాలమ్మా, అందరి కోసం," అన్నాడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆ వేళ్లకి ఆయనెప్పుడూ తాగే చాయ్‌లోని అల్లం వాసన ఇంకా ఉన్నట్టే అనిపించింది ఆయనకి.

టెంట్ హౌస్ వాళ్లు షామియానా కట్టి, అలవాటు ప్రకారం కుర్చీలు కూడా దించి, "బాడీ ఎప్పుడొస్తది?" అని అడిగారు. మంచం మీద కళ్లు తెరిచి ఉన్న మనిషిని చూపించాడు అంతయ్య. వాళ్లు నాలుక కరుచుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత రోజూ అదే వరస. దారిన పోయేవాళ్లు చెప్పులు విడిచి మంచానికి దండం పెట్టేవారు. దండం పెట్టి తలెత్తేసరికి ఆమె వాళ్లనే చూస్తూ ఉండేది. శవాలు మోసే బండి డ్రైవరొకడు ఆగి, "ఎప్పుడన్నా సరే కాల్ చెయ్యుండ్రి," అని కృష్ణకి నంబరిచ్చాడు. లారీ వెళితే దుమ్మంతా ఆమె మీదే పడేది. కోడలు జ్యోతిక తడిగుడ్డతో మొహం తుడుస్తూ ఏడ్చేది. రామస్వామి మంచం కోడుకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉండేవాడు. ఆయన గొంతు ఎవరికీ వినపడలేదు.

ఇందిరాదేవి మొదటి రోజే వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుంది. "నువ్వలా రోజంతా కూర్చుంటే వాళ్లేవనుకుంటారో చూసుకో," అన్నాడు విశ్వేశ్వరరావు.

"అనుకోనివ్వండి. వాళ్ల అభిప్రాయం వాళ్లది," అంది ఆవిడ. "నాకెప్పుడైనా జ్వరం తగిలితే మీకు ముందే చెబుతాను. పంచాంగం చూసుకుందురుగాని."

ఆయన పొద్దునా సాయంత్రం వచ్చి ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి వెళ్లేవాడు. ఒక సాయంత్రం అలా వచ్చినప్పుడు అండాలమ్మ పెదాలు కదిపింది. వంగి చెవి పెట్టాడు. "మీ లొల్లి ఇనబడతలేదన్నా," అంది ఆమె. "తిట్టుకుంటలేరా ఇద్దరు?" విశ్వేశ్వరరావు రామస్వామి వైపు చూశాడు. రామస్వామి రోడ్డు వైపు చూస్తున్నాడు. విశ్వేశ్వరరావు ఫ్యానుని కాస్త ఆమె వైపు తిప్పి వెళ్లిపోయాడు.

పంచకం చివరి రోజు మబ్బు పట్టింది. పొద్దున్నే రామస్వామి పంచాంగం పట్టుకుని చెప్పుల్లేకుండా మెట్లెక్కి విశ్వేశ్వరరావు తలుపు కొట్టాడు. ఇన్ని రోజుల తర్వాత ఆ గొంతు లేచింది. "అయిపోయింది రావూ! తెల్లారంగనే రేవతి పోయింది. అశ్విని వచ్చింది. ఇగో, చూడు! మంచం లేపమను. వానొచ్చేటట్టున్నది, జల్ది!"

విశ్వేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. సరేనంటూ కిందికి దిగుతుంటే రెండో అంతస్తులో జోగారావు ఎదురొచ్చాడు. ఆయన చేతిలో ఇంకో పంచాంగం. అందులో రేవతి సాయంత్రం దాకా ఉంది. ఇద్దరు సిద్ధాంతులు రెండు రకాలుగా లెక్క కట్టారు. ఆ లెక్క వాళ్లే తేల్చుకోలేకపోతున్నారు ఎప్పటినుంచో. "మాది గోదావరి వైపు అందరూ చూసే పంచాంగవండీ," అన్నాడు జోగారావు నొచ్చుకుంటూ. "దీన్ని తప్పంటే మరి మా పెద్దల్ని అన్నట్టే."

"నాది గూడ మా పెద్దలు చూసిందే! రావూ, నువ్వు చెప్పు!"

రెండు పంచాంగాలూ ఆయన మొహం ముందు తెరిచి పట్టుకున్నారు. రెండింటిలో ఏదీ నమ్మనివాడు తీర్పు చెప్పాలి. నమ్మనివాడికి కాస్త దయ ఉంటే చాలు, తీర్పు సులువు. ఆయన రెండు పేజీలూ శ్రద్ధగా చదివాడు.

"ఇందులో ఏది తప్పని అనడానికి మనమెవరం?" అన్నాడు. "రెండింటినీ గౌరవించాలంటే ఒక్కటే దారి. సాయంత్రం దాకా ఆగితే ఎవరి మనసూ నొచ్చుకోదు. కొన్ని గంటలే కదా రామస్వామీ."

రామస్వామి ఆయన్ని చూసిన చూపులో కోపం కూడా లేదు. పంచాంగం మూసి చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నానికి వాన దంచికొట్టింది. షామియానా గుడ్డలో నీళ్లు నిండి మంచం మీదికి వేలాడింది. అంతయ్య కర్రతో కింది నుంచి పొడుస్తుంటే నీళ్లు పక్కకి జారేవి, మళ్లీ నిండేవి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర షాక్ కొడుతుందేమోనని ఫ్యాను ప్లగ్గు పీకేశారు. ఇందిరాదేవి గొడుగు పట్టింది. కృష్ణ మంచాన్ని గేటు లోపలికి, కనీసం సెల్లార్ దాకా లాగబోతే జోగారావు బాల్కనీలోంచి, "సాయంత్రం దాకా అనుకున్నాం కదండీ," అని గుర్తుచేశాడు. అండాలమ్మ తల పక్కకి వాలి ఉంది. మూడో అంతస్తులో తన అర్ర కిటికీ వైపు చూస్తూ, ఆ వానలోనే పోయింది.

అందరికన్నా ముందు దండ తెచ్చింది జోగారావే. పెద్ద దండ, ఖరీదైనది.

విజయదుర్గని మేడ మీద పెళ్లికూతుర్ని చేశారు. ఏ విఘ్నమూ జరగలేదు. జోగారావు ఫ్లాటు మంచి ధరకి పోయింది. పెళ్లి విందులో బాపిరాజు విశ్వేశ్వరరావుకి శాలువా కప్పి, ఇలాంటి సహనమూర్తి మాకు అధ్యక్షుడు కావడం మా అదృష్టమని అందరి ముందూ అన్నాడు. ఇందిరాదేవి ఆ విందుకి వెళ్లలేదు. శాలువా ఇంటికి తెస్తే బీరువాలో పెట్టడానికి చోటు లేదంది.

విశ్వేశ్వరరావు రోజూ సాయంత్రం బెంచీ దగ్గర ఒక్కడే కూర్చుని ఎదురుచూశాడు. రామస్వామి వస్తాడు, నోటికొచ్చినట్టు తిడతాడు, చొక్కా పట్టుకున్నా పట్టుకుంటాడు. పట్టుకోనీ, కొట్టినా సరే అనుకున్నాడు. జవాబుగా ఏమనాలో కూడా కూడబలుక్కున్నాడు. మాసికం పెట్టిన మర్నాడు రామస్వామి వచ్చాడు. వచ్చి, బెంచీకి ఆ చివర కూర్చున్నాడు.

"బాగున్నరా సార్?" అన్నాడు.

సార్! విశ్వేశ్వరరావు రామస్వామి దగ్గరికి జరిగాడు. "ఏవిటయ్యా, సార్ ఏవిటి కొత్తగా? నన్ను తిట్టాలని లేదా నీకు? తిట్టు. నాకు తెలుసు, నేను చేసింది..."

"ఎందుకు తిడత సార్? మీ అభిప్రాయం మీది."

ఇంటర్ పిల్లలకి ఏళ్ల తరబడి చెప్పిన మాట అది. తనకి ఎదురుగా ఎవరైనా అంటే ఎలా ఉంటుందో ఆయనకి ఇంతవరకూ తెలియదు. ఎలాగైనా ఈ మనిషి నోరు తెరిపించాలి. ఆయన దగ్గర ఒకే ఆయుధం ఉంది, ఎప్పుడూ పనిచేసేది. అది ఎంత నీచమో తెలిసే వాడాడు.

"నీ దేవుడే ఉంటే," అన్నాడు, "అండాలమ్మని అలా రోడ్డు మీద, వానలో చంపేవాడా? చెప్పు. చెప్పవయ్యా!"

రామస్వామి మెడ నరాలు ఉబ్బాయి. చెయ్యి లేచింది. విశ్వేశ్వరరావు ఊపిరి బిగబట్టి, దాదాపు సంతోషంతో, మొహం ముందుకి పెట్టాడు. రామస్వామి చెయ్యి మెల్లిగా దిగి మోకాలి మీద ఆగింది.

"అట్ల గూడ అనుకోవచ్చు సార్," అన్నాడు. "ఎవలి నమ్మకం వాళ్లది."

కాసేపు కూర్చున్నాడు. వాన తగ్గినట్టే ఉంది కదా అని విశ్వేశ్వరరావు అంటే, తగ్గింది సార్ అన్నాడు. మళ్లీ వచ్చేలా ఉందంటే, రావచ్చు సార్ అన్నాడు. చీకటి పడుతుండగా లేచి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు విశ్వేశ్వరరావు బెంచీ దగ్గరికి పోలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి పడుకున్నాడు. సాయంత్రం ఆ వేళకి అంతయ్య పైకొచ్చి తలుపు కొట్టాడు. రామస్వామి సార్ టైముకే వచ్చిండు, మీకు జాగ విడిచి కూసున్నడు, మీ కోసం చూస్తుండు అని చెప్పాడు.